సర్కస్ పోస్టరు అక్షరం: రోజ్‌వుడ్ ఎక్కడిది, రెండు రంగుల్లో ఎందుకు తప్పుతుంది, తెలుగులో ఎలా తేవాలి

అడిగింది క్లుప్తంగా ఇదీ: తిరుపతిలో స్క్రీన్ ప్రింటింగ్ షాపు. పెళ్లిపత్రిక మీద వధూవరుల ఇంగ్లిష్ పొడి అక్షరాలు పాత సర్కస్ పోస్టరు తీరులో కావాలని కస్టమర్ ఒక ఫొటో ఇచ్చారు. ఆ ఫాంటు రోజ్‌వుడ్ అని తేలింది. పసుపు మీద కుంకుమ రంగు కొడితే అక్షరానికి ఒక పక్క తెల్ల గీత కనిపిస్తోంది, రెండో పక్క పసుపు బయటికి వస్తోంది. 500 కార్డుల్లో 200 కార్డులకు పసుపు ఇప్పటికే పడింది. పేర్లు తెలుగులోనూ ఇదే తీరులో రావాలి. ఈ అక్షరం కథేంటి, ఏ వెర్షన్ వాడాలి, ఆ 200 కార్డులు పనికొస్తాయా?

కథతో మొదలుపెడతాను. మీ తెల్ల గీతకు కారణం సగం అందులోనే ఉంది.

రోజ్‌వుడ్ అన్న పేరు 1994లో అడోబీ పెట్టింది. గీసినవాళ్లు కిమ్ బ్యూకర్ చాన్స్‌లర్, కార్ల్ క్రాస్‌గ్రోవ్, కెరొల్ ట్వాంబ్లీ. మూలం మాత్రం వంద ఏళ్లకు పైగా పాతది. అమెరికాలో కనెటికట్ రాష్ట్రంలోని గ్రీన్‌విల్‌లో విలియం హెచ్. పేజ్ చెక్క అక్షరాల కంపెనీ నడిపేవాడు. 1874లో ఆయన రంగురంగుల చెక్క అక్షరాలకే ప్రత్యేకంగా ఒక నమూనా పుస్తకం అచ్చువేశాడు. అందులోని క్లారెండన్ ఆర్నమెంటెడ్ అనే అక్షరమే రోజ్‌వుడ్‌కు తల్లి.

ఆ క్లారెండన్‌కూ వంశం ఉంది. 19వ శతాబ్దం మొదట్లో లండన్‌లో లాటరీలు, నాటకాలు, సరుకుల ప్రకటనలు గోడలెక్కాయి. పుస్తకానికి చేసిన సన్నని అక్షరం గోడ మీద ఆనదు. 1815-17 ప్రాంతంలో విన్సెంట్ ఫిగిన్స్ దిమ్మల్లాంటి పాదాలున్న (గీత కొనల దగ్గర అడ్డంగా ఉండే ముక్కలు, సెరిఫ్‌లు) అక్షరం చూపించాడు. ఆ దరిదాపుల్లోనే పాదం కొనలు చీలి మెలితిరిగే టస్కన్ తెచ్చాడు. 1845లో లండన్‌లోని ఫ్యాన్ స్ట్రీట్ ఫౌండ్రీలో (ఫౌండ్రీ అంటే అక్షరాలు పోత పోసి అమ్మే కంపెనీ) రాబర్ట్ బెస్లీ పేరిట క్లారెండన్ వచ్చింది. పాదం దిమ్మలాగే ఉంటుంది కానీ కాండంలోకి, అంటే నిలువు గీతలోకి, వంపుగా కలుస్తుంది. దాన్ని డిజైన్ల చట్టం కింద రిజిస్టర్ చేశారు. ఆ రక్షణ మూడేళ్లే. గడువు తీరగానే ప్రతి ఫౌండ్రీ తనదైన క్లారెండన్ అమ్మడం మొదలుపెట్టింది. దానికి నగిషీ చేర్చడం ఆ పోటీలో తర్వాతి మెట్టు.

చెక్క ఎందుకంటే, సీసంతో అంత పెద్ద అక్షరం పోస్తే బరువు, ఖర్చు ఒక ఎత్తు. చల్లారేటప్పుడు ముఖం గుంట పడి ఇంకు సమంగా అంటకపోవడం ఇంకో ఎత్తు. న్యూయార్క్‌లో డేరియస్ వెల్స్ 1827లో తిరిగే కత్తితో చెక్కను చెక్కే రౌటర్ తయారుచేశాడు, 1828లో తొలి క్యాటలాగు తెచ్చాడు. 1834లో విలియం లెవెన్‌వర్త్ దానికి పాంటోగ్రాఫ్ (గీసిన ఆకారాన్ని పెంచో తగ్గించో నకలు తీసే చట్రం) తగిలించాడు. అసలు మలుపు ఇదే. ఒక పెద్ద అచ్చును చేత్తో గీసి పెట్టుకుంటే, అదే ఆకారం ఏ సైజులోనైనా, ఎన్నిసార్లైనా తెగుతుంది. ఒకే అచ్చు నుంచి ఒకసారి నిండు అక్షరం, ఇంకోసారి దాని మీది నగిషీ గీతలు మాత్రమే తెగగలిగితే, రెండూ ఒకదాని మీద ఒకటి అతికినట్టు కూర్చుంటాయి. రెండు రంగుల అక్షరానికి పునాది అదీ.

చెక్కలోనూ ఏది పడితే అది వాడలేదు. మేపుల్ దుంగను అడ్డంగా కోసి, పోగులు నిలువుగా పైకి చూసే ముఖాన్ని వాడేవాళ్లు. దాన్ని ఏళ్ల తరబడి ఆరబెట్టేవాళ్లు. ఎత్తు 0.918 అంగుళం, సీసపు అక్షరంతో సమానం, రెంటినీ కలిపి కూర్చవచ్చు. సైజును లైన్లలో చెప్పేవాళ్లు: ఒక లైను 12 పాయింట్లు, కాబట్టి 8 లైన్ల అక్షరం 96 పాయింట్లు, అంటే సుమారు 34 మిల్లీమీటర్లు. మీ పత్రిక మీద పెట్టబోయే సైజును దీని పక్కన పెట్టి చూడండి. గోడ కోసం పుట్టిన అక్షరాన్ని అరచేతి కార్డు మీదికి దింపుతున్నాం.

పేజ్ పుస్తకంలోని రంగులు చాలావరకు పారదర్శకమైన ఇంకులు. ఒక దిమ్మ లేత రంగు వేస్తుంది, రెండో దిమ్మ దాని మీద ముదురు రంగు. రెండూ కలిసిన చోట మూడో రంగు పుడుతుంది. రెండు దిమ్మలూ ఒకదాని మీదికి ఒకటి కొంత ఎక్కేలాగే కోసేవాళ్లు. పక్కపక్కన అంచు తాకేలా కోస్తే చెక్క ఏమాత్రం ఉబ్బినా తెల్ల గీత బయటపడుతుందని వాళ్లకు తెలుసు. మీ కార్డు మీద జరిగింది బహుశా అదే.

తర్వాత లితోగ్రఫీ రంగుల పోస్టర్లు చవకయ్యాయి. రాతి మీద ఏ అక్షరమైనా చేత్తో గీసుకోవచ్చు కాబట్టి దిమ్మల గొడవ అక్కర్లేకపోయింది. 1880లో విస్కాన్సిన్‌లోని టూ రివర్స్‌లో మొదలైన హామిల్టన్ కంపెనీ పల్చటి అక్షరాన్ని చవక చెక్కకు అతికించి ధర పడగొట్టింది, 1891లో పేజ్ కంపెనీనే కొనేసింది.

పునరుద్ధరణలు నాలుగు విడతలుగా జరిగాయి, నాలుగింటి నాణ్యతా ఒకటి కాదు. మొదటిది 1930ల ఇంగ్లండ్‌లో. 1938లో నికొలెట్ గ్రే ఈ అలంకార అక్షరాల మీద పుస్తకం రాసింది. అదే ఏడాది స్టీఫెన్‌సన్ బ్లేక్ ఫౌండ్రీ రాబర్ట్ హార్లింగ్ గీసిన ప్లేబిల్ విడుదల చేసింది. అది ఒక్క రంగు అక్షరం, నగిషీ లేదు. రెండో విడత 1960, 70లలో, ఫొటో టైపూ రుద్ది అంటించే లెట్రాసెట్ షీట్లూ వచ్చిన కాలం. కాలిఫోర్నియాలో డాన్ సోలో పాత అక్షరమాలలను వందల కొద్దీ సేకరించి పుస్తకాలుగా అచ్చువేయించాడు. రూపాలు బతికాయి గానీ పొరలు పోయాయి. రెండు దిమ్మల అక్షరం ఒకే నల్ల బొమ్మగా మిగిలింది. నెట్‌లో ఉచితంగా దొరికే "సర్కస్" ఫాంట్లలో చాలావరకు ఆ నల్ల బొమ్మల స్కాన్లే. వాటికి కింది పొర ఉండదు, అంచులు గరుకుగా ఉంటాయి, ఒక్కో అక్షరంలో వేల నోడ్లు (గీత మలుపు తిరిగే చుక్కలు) ఉంటాయి. వాటి జోలికి పోకండి.

మూడో విడతకు దారి వేసింది రాబ్ రాయ్ కెల్లీ. 1969లో అమెరికన్ చెక్క అక్షరాల చరిత్ర రాశాడు. ఆయన సేకరించిన అక్షరాలు ఇప్పుడు ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. అడోబీ 1990లో ఒక చెక్క అక్షరాల సంపుటి, 1994లో రోజ్‌వుడ్, జీబ్రావుడ్, పెప్పర్‌వుడ్ తెచ్చింది. పొరలు తిరిగి వచ్చింది ఈ మూడింటితోనే. రోజ్‌వుడ్‌లో రెండు ఫాంట్లు: రెగ్యులర్‌లో నగిషీ, ఫిల్‌లో నిండు ఆకారం. పెద్దబడి అక్షరాలే ఉంటాయి. నాలుగో విడత టూ రివర్స్‌లోని హామిల్టన్ మ్యూజియం, పీ22 ఫౌండ్రీ కలిసి 2012 నుంచి తెస్తున్న హెచ్‌డబ్ల్యూటీ (హామిల్టన్ వుడ్ టైప్) వరుస. మ్యూజియంలోని చెక్క, పాత నమూనా పుస్తకాలు చూసి గీసినవి కాబట్టి తీరు దగ్గరగా ఉంటుంది. 2016లో డేవిడ్ జొనాథన్ రాస్ బంగీ విడుదల చేశాడు. నగిషీ లేదు కానీ నిండు, లోగీత, అంచు, నీడ అన్నీ వేర్వేరు పొరలు, ఉచితం కూడా.

నా అభిప్రాయం అడిగితే, రోజ్‌వుడ్ గీత మరీ శుభ్రం. తిరిగే కత్తి లోపలి మూలను పదునుగా కోయలేదు, అక్కడ కొద్దిగా గుండ్రం మిగులుతుంది, దాన్ని చేత్తో సరిచేసేవాళ్లు. ఆ మెత్తదనం రోజ్‌వుడ్‌లో తగ్గింది. అయినా మీ పనికి రోజ్‌వుడ్డే సరి. కస్టమర్ చూపించింది అదే, ఫిల్ విడిగా ఉంది, గీతలు స్క్రీన్ మీద తెగేంత తేటగా ఉన్నాయి. పాత సీడీల నుంచి వచ్చిన టైప్ 1 (పాత రకం ఫాంటు) ఫైలు మాత్రం వాడకండి. 2023 జనవరి నుంచి అడోబీ తన ప్రోగ్రాముల్లో ఆ రకానికి మద్దతు తీసేసింది, తెరిస్తే వేరే ఫాంటుతో నింపేస్తుంది. ఓపెన్‌టైప్ వెర్షన్ తీసుకోండి. ఒక్క ఫాంటులోనే అన్ని రంగులూ దాచే కలర్ ఫాంట్లు వెబ్‌పేజీకి బాగుంటాయి, స్క్రీనుకు కాదు. వాటిలో రంగులు ఆర్‌జీబీలో (కంప్యూటర్ తెర రంగుల్లో) ఉంటాయి, నేరుగా పాజిటివ్‌లుగా (స్క్రీను తయారీకి ఒక్కో రంగుకూ విడిగా నలుపులో తీసే ప్రింట్లు) విడదీయలేరు.

ఇప్పుడు తెల్ల గీత. ముందు మీ పసుపు పాజిటివ్ దీపం ముందు పెట్టి చూడండి. అక్షరం నిండుగా నల్లగా ఉందా, లేక కుంకుమ గీతల ఆకారం అందులోంచి కోసేసినట్టు ఉందా? కోసేసి ఉంటే అది నాకౌట్. సాఫ్ట్‌వేర్ తనంతట తాను చేసేది అదే. అప్పుడు రెండు రంగులూ అంచు నుంచి అంచుకు అతకాలి, చేతి టేబుల్ మీద అది జరగని పని. కోరెల్‌డ్రాలో పై పొర మీద రైట్ క్లిక్ చేసి ఓవర్‌ప్రింట్ ఫిల్ (కింది రంగును కోయకుండా దాని మీదే కొట్టడం) పెట్టండి. ఇలస్ట్రేటర్‌లో అదే పేరుతో అట్రిబ్యూట్స్ ప్యానెల్‌లో ఉంటుంది. ఇంకా సులువు: రెండు పొరలనూ విడివిడిగా నలుపులో ప్రింటు తీసుకోండి.

పాజిటివ్ నిండుగానే ఉంటే, తప్పు ఎటు పోతోందో చూడాలి. కార్డు మీది అక్షరాలన్నీ ఒకే దిక్కుకు ఒకే మేర జరిగితే అది లే (కార్డును ఆనించే చోటు) తప్పు, స్క్రీను జరపండి, అయిపోతుంది. ఎడమ చివరి అక్షరం ఒకవైపు, కుడి చివరిది రెండోవైపు జరిగి మధ్యది సరిగ్గా ఉంటే రెండు పొరల సైజే తేడా. ఎంత జరిపినా కుదరదు. కార్డు కార్డుకూ తప్పు మారుతుంటే కార్డు మూల సూటిగా లేదు, లేదా స్టాపర్లకు (టేబుల్ మీద కార్డు ఆగే ముక్కలకు) సరిగ్గా ఆనడం లేదు. పొడవు వైపు రెండు స్టాపర్లు, వెడల్పు వైపు ఒకటి పెట్టండి. రెండు రంగులకూ కార్డులో అదే మూల ఆనాలి.

సైజు తేడాకు మన షాపుల్లో మామూలు కారణం బటర్ పేపర్. లేజర్ ప్రింటర్ వేడికి అది ముడుచుకుంటుంది, అదీ పోగు వెంట ఒక రకంగా, అడ్డంగా ఒక రకంగా. ఒక పాజిటివ్ నిలువుగా, ఇంకోటి అడ్డంగా పంపితే రెండూ ఎప్పటికీ అతకవు. కాగితాన్ని ఒకసారి ఖాళీగా ప్రింటర్‌లోంచి పంపి, తర్వాత ప్రింటు తీయండి. రెండు రంగుల పాజిటివ్‌లూ ఒకే షీటు మీద, ఒకే దిక్కుకు పెట్టి తీసి, తర్వాత కోసుకోవడం ఇంకా నయం. పెద్ద పని అయితే ఫిల్మ్ తీయించండి.

రెండో కారణం స్క్రీను. ఒకటి బిగువుగా, ఒకటి వదులుగా ఉంటే స్క్వీజీ (ఇంకును నెట్టే రబ్బరు పట్టీ) లాగినప్పుడు వదులుది సాగుతుంది. రెండింటికీ ఒకే మెష్ (స్క్రీను గుడ్డ నేత), ఒకే రోజు బిగించినవి వాడండి. కార్డుకూ స్క్రీనుకూ మధ్య ఎడం రెండు రంగులకూ ఒకటే ఉండాలి, 2 నుంచి 3 మిల్లీమీటర్లు. మూడోది కార్డు. నవంబరు వానల్లో మన దగ్గర గాలిలో తేమ పెరిగితే కార్డు పోగుకు అడ్డంగా పెరుగుతుంది, ఎండల్లో ముడుచుకుంటుంది. పసుపు ఇవాళ కొట్టి కుంకుమ నాలుగు రోజుల తర్వాత కొట్టకండి. ఆరగానే రెండోది కొట్టేయండి.

ఇవన్నీ సరిచేసినా చేతి టేబుల్ మీద పావు మిల్లీమీటరు అటూ ఇటూ పోతుంది. దాన్ని అక్షరమే దాచాలి. రోజ్‌వుడ్ రెగ్యులర్‌కు చుట్టూ ఒక అంచు గీత ఉంది, ఫిల్ అంచు దాని కింద దాగాలి. ఫిల్‌ను 0.25 మిల్లీమీటరు లోపలికి తగ్గించండి, కోరెల్‌లో కాంటూర్ (ఆకారం అంచును లోపలికో బయటికో జరిపే పని) ఇన్‌సైడ్. అప్పుడు పై అంచు గీత కనీసం 0.5 మిల్లీమీటరు ఉండాలి. సైజు నిర్ణయించేది ఈ లెక్కే. అక్షరాన్ని 100 పాయింట్లలో ప్రింటు తీసి భూతద్దంతో అంచు గీత కొలవండి. 0.4 వస్తే మీకు కావాల్సింది 125 పాయింట్లు. కార్డులో అంత చోటు లేకపోతే నగిషీ అక్షరం మానుకుని, ఒక్క రంగులో రెగ్యులర్ మాత్రమే కొట్టమని కస్టమర్‌కు చెప్పండి. బలవంతాన కుదించి కొడితే లోపలి గీతలు పూడిపోయి మచ్చలా కనిపిస్తుంది.

టైపు చేసేటప్పుడు అక్షరాలు ఒక్కసారే కొట్టండి. కాపీ చేసి అదే చోట పేస్టు చేసి, పైదాని ఫాంటు రెగ్యులర్‌కు మార్చండి. రెండుసార్లు విడిగా టైపు చేసి కంటితో జరిపితే ఎక్కడో ఒకచోట తప్పుతుంది. అక్షరాల మధ్య ఎడం మార్చాలంటే రెండు పొరలకూ కలిపి మార్చండి, కర్వులుగా మార్చడం ఆఖర్న.

ఇంకు వరుస: ముందు పసుపు, బాగా ఆరాక కుంకుమ. కాళహస్తి కలంకారీలో కసిమి అనే నల్ల రంగుతో గీత ముందు వేసి రంగులు తర్వాత నింపుతారు, ఎందుకంటే అక్కడ చెయ్యి గీతను చూసుకుంటూ నడుస్తుంది. ఇక్కడ స్క్రీనుకు కన్ను లేదు, తప్పును కప్పేది చివరి గీత కాబట్టి ముదురు రంగు ఆఖర్న పడాలి. నగిషీ పొరకు 100 నుంచి 120 టి మెష్ (టి అంటే సెంటీమీటరుకు పోగులు), గీత 0.25 మిల్లీమీటరు కంటే సన్నంగా వద్దు. బంగారు రంగు కావాలంటే దాన్ని కింద వేయకండి, దాని మీద తర్వాతి ఇంకు సరిగ్గా పట్టదు. కింద మెరూన్ ఫిల్, పైన బంగారు గీతలు వేయండి. బంగారు పొడి రేణువులు పెద్దవి, సన్న మెష్‌లో ఇరుక్కుంటాయి, అందుకని 90 టి మెష్ వాడి, గీత 0.35 మిల్లీమీటరుకు పెంచాలి.

తెలుగు సంగతి. రోజ్‌వుడ్‌లో తెలుగు లేదు, ఇంగ్లిష్ పాదాలను, ముళ్లను తెలుగు అక్షరానికి అతికించే ప్రయత్నం చేయకండి. క్లారెండన్ అందం నిలువు కాండం, దాని కింద పాదం. తెలుగులో నిలువు కాండమే లేదు, బరువంతా గుండ్రంలో ఉంటుంది, పైన తలకట్టు. పాదాలు అతికించిన తెలుగు అక్షరం షాపు బోర్డుల మీద చూసే ఉంటారు. "ప"కూ "వ"కూ తేడా తెలియకుండా పోతుంది. పేజ్ దగ్గర్నుంచి తీసుకోవాల్సింది పొరలు మాత్రమే: నిండు, లోగీత, అంచు, నీడ.

దానికి మందంగా ఉన్న ఫాంటు కావాలి. రామభద్ర, బాలూ తమ్ముడులో బాగా మందపు వెర్షన్ సరిపోతాయి, రెండూ ఉచిత లైసెన్సువే. కాళహస్తి కవి పేరున్న ధూర్జటి ఫాంటు చూడముచ్చటైనదే గానీ దాని గీతలో పొరలు పట్టవు, ఒక్క రంగులో వాడుకోండి. గీత మందాన్ని ఇలా పంచండి. 5 మిల్లీమీటర్లు ఉంటే రెండు అంచులూ 0.75 చొప్పున, వాటికి లోపల ఖాళీ 0.5 చొప్పున, మధ్య పట్టీ 2.5. గీత 3 మిల్లీమీటర్ల లోపు ఉంటే లోగీత మానేసి అంచు, నీడ మాత్రమే పెట్టండి. తలకట్టు అక్షరానికి కలిసే చోట గీత సన్నబడుతుంది, లోపలికి కాంటూర్ కొడితే లోగీత అక్కడ తెగుతుంది. తెగిన కొనలను అలా వదలకుండా గుండ్రంగా మూసేయండి, కావాలని చేసినట్టే ఉంటుంది.

అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత రకం తెలుగు ఫాంట్లు) చేస్తే ఇంకో చిక్కు. అక్కడ గుణింతం, ఒత్తు విడి ముక్కలు, ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. కర్వులుగా మార్చి కంబైన్ చేస్తే ఎక్కిన చోటల్లా కన్నం పడుతుంది. ముందు వెల్డ్ చేయండి (ముక్కలన్నీ ఒకే ఆకారంగా కలపండి), ఆ తర్వాతే కాంటూర్. యూనికోడ్ ఫాంటు వాడితే పాత కోరెల్ ఒత్తులను విడగొట్టి చూపిస్తుంది. ఇలస్ట్రేటర్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ (భారతీయ లిపులను సరిగ్గా కూర్చే సెట్టింగు) ఆన్ చేసి, కర్వులుగా మార్చి తెచ్చుకోండి.

ఒత్తులకు నగిషీ వద్దు. "లక్ష్మి"లో క కింద ష ఒత్తు, దాని పక్కనో కిందో మ ఒత్తు ఉంటాయి. వాటికీ అంచులు పెడితే మూడూ కలిసి ముద్దవుతాయి. తల అక్షరానికి పొరలు, ఒత్తులకు నిండు రంగు, అంతే. "శ్రీ"లో ర ఒత్తు అక్షరాన్ని చుట్టుకుని ఉంటుంది కాబట్టి అంచును బయటికి పెంచితే మధ్య సందు మూసుకుపోతుంది. అంచు వేసేముందే ఒత్తును అర మిల్లీమీటరు దూరం జరపండి. సున్నకు లోగీత పెడితే వడలా కనిపిస్తుంది, దాన్నీ నిండుగానే ఉంచండి. రెండు వరుసల పేర్లయితే పై వరుస ఒత్తు కింది వరుస గుడికి తగలకుండా వరుసల ఎడం అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లు పెట్టుకోవాలి. నీడ ఉంటే నీడ మందం దానికి అదనం.

ఇక ఆ 200 కార్డులు. పసుపు పడిపోయింది కాబట్టి దాన్ని తగ్గించలేరు, కుంకుమను పెంచాలి. రెగ్యులర్ పొరలో బయటి అంచు రేఖ ఒక్కదాన్నే తీసుకుని 0.3 మిల్లీమీటరు బయటికి కాంటూర్ కొట్టి, వెల్డ్ చేసి కొత్త కుంకుమ పాజిటివ్ తీయండి. లోపలి నగిషీని ముట్టుకోవద్దు, దాన్ని కూడా లావు చేస్తే పూడిపోతుంది. పసుపు పాజిటివ్ నాకౌట్ అయి ఉంటే ఇది ఒక్కటే చాలదు, లోపలి తెల్ల గీతలు అలాగే ఉంటాయి. అప్పుడు ఆ కార్డుల మీద నిండు పసుపు ఇంకోసారి కొట్టి ఆరబెట్టి, తర్వాత కుంకుమ కొట్టండి. మిగిలిన 300 కార్డులకు మాత్రం 0.25 తగ్గించిన కొత్త పసుపుతోనే మొదలుపెట్టండి. కుంకుమ స్క్రీను రెండింటికీ ఒకటే సరిపోతుంది, కార్డులు పక్కపక్కన పెట్టినా తేడా తెలియదు.